ఒబ్రెన్ కట్టిన గోడపొయ్యి

వికారంలో వేసెలింకా ఇంటి హాల్లోని గోడపొయ్యికి పోజెగా ఊరు మొత్తంలో పోటీ లేదు. ఇటుకలు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. పైన చెక్కపలక ఎడమకు ఒరిగి, దాని మీద గ్లాసు పెడితే జారిపోయేది. కట్టినవాడు తాపీమేస్త్రీ అయితే కదా! ఆమె బావగారు ఒబ్రెన్. తమ్ముడి పెళ్ళినాటికి ఇల్లు వెచ్చగా ఉండాలని, రాని పని నెత్తిన వేసుకుని కట్టిచ్చాడు.

ఆ తమ్ముడు, అంటే వేసెలింకా భర్త రాదిశా, నోరు ఊరుకునేది కాదు. తండ్రి సంవత్సరీకం నాడు బంధువులందరి ముందూ, "మా అన్నయ్య దీన్ని తాగి కట్టాడో, కట్టాక తాగాడో గానీ, చూస్తే మాకు తాగకుండానే కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఒబ్రెన్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మాట అన్నవాడికి గుర్తుండదు, పడ్డవాడు మరిచిపోడు. ఈమాత్రానికే ఇంత అలకా అనుకుంటూ రాదిశా ఏళ్ళు గడిపేశాడు.

ఈ శరత్కాలంలో రాదిశాకు గుండె ఆపరేషన్ అయింది. అప్పటినుంచి అన్నయ్య మీద బెంగ పెట్టుకున్నాడు. చూడలేక వేసెలింకాయే ఒబ్రెన్ ఉండే కొండమీది పల్లెకు వెళ్ళి, "బావగారూ, క్రిస్మస్ పొద్దున మా ఇంట్లో తొలి అడుగు మీదే కావాలి" అని బతిమాలింది. ఆ పిలుపును కాదనకూడదు. ఇంటి ఏడాది మంచిచెడ్డలన్నీ ఆ తొలి అడుగు పెట్టే అతిథిని బట్టే అని అక్కడి నమ్మకం. ఒబ్రెన్ గడ్డం గీరుకుని గీరుకుని, "సరేనమ్మా, వస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమెకో ఆలోచన వచ్చింది. "గొడవంతా ఈ పొయ్యితోనే కదా. వచ్చీరాగానే ఆ వంకర కళ్ళబడితే పాత పుండు రేగదూ?" అంది భర్తతో.

"దీన్ని ఎప్పుడు పీకిద్దామా అని నువ్వు ఎన్నేళ్ళుగా సణుగుతున్నావో నాకు తెలీదా?" అని నవ్వాడు రాదిశా. "కానీయ్."

అదీ నిజమే. సగం శాంతి కోసం, సగం తన కళ్ళ కోసం. ఆ రెండో సగాన్ని ఆమె ఒప్పుకోలేదంతే. మేస్త్రీ వచ్చి ఇటుకలు ఊడగొట్టాడు. తెల్లటి పాలరాతి పలకలు అతికించి, నడుమ గాజు బిగించి, దాని వెనక కరెంటు మంట పెట్టాడు. మీట నొక్కితే మంట. పొగ లేదు, బూడిద లేదు. వేసెలింకా దాని ముందు కూర్చుని మురిసిపోయింది.

పండగ పొద్దున ఒబ్రెన్ ఓక్ కొమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"క్రీస్తు జన్మించాడు!"

"నిజంగా జన్మించాడు!" అంటూ వేసెలింకా ఆచారం ప్రకారం ఆయన మీద గుప్పెడు గోధుమలు చల్లింది. అన్నదమ్ములు కావలించుకున్నారు. రాదిశా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక గండం గట్టెక్కినట్టే అనుకుందామె.

ఒబ్రెన్ తిన్నగా గోడ దగ్గరికి నడిచి కొమ్మ ఎత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది వేసెలింకాకు. తొలి అడుగు పెట్టినవాడు పొయ్యిలో మండే ఓక్ దుంగను కొమ్మతో కొట్టాలి, నిప్పురవ్వలు లేస్తుంటే ఇంటిని దీవించాలి. ఇన్నేళ్ళూ ఇంట్లో దీవించే పెద్దదిక్కు లేక, దుంగను చర్చి ముందు మంటలో వేసి వచ్చేసేవాళ్ళు. ఆ అలవాటులో పడి అసలు సంగతే మరిచిపోయింది.

"చూడన్నయ్యా, ఇప్పుడు వంకర వెతికినా దొరకదు!" అన్నాడు రాదిశా సంబరంగా.

ఒబ్రెన్ కొమ్మతో గాజును తట్టాడు. "ఎన్ని రవ్వలో ఈ ఇంటికి అంత ఆయుష్షు, అంత..." అని ఆగిపోయాడు. ఒక్క రవ్వ కూడా లేవలేదు. ఆ దీవెన పూర్తిచేస్తే, గుండె కోయించుకున్న తమ్ముడికి ఏమీ మిగలకూడదని కోరినట్టే. కొమ్మను కోటులో దోపుకున్నాడు.

"బాగుందమ్మా. శుభ్రంగా ఉంది" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

నిలబడే ఓ రొట్టెముక్క తిని బయల్దేరాడు.

"అదేంటన్నయ్యా, భోంచెయ్యకుండా పోతావా?"

"గొడ్లకు పండగలు తెలీవురా. మేత వెయ్యాలి."

వేసెలింకా గేటుదాకా పరిగెత్తింది. నా కళ్ళు మండ, ఆ వంకర పొయ్యితోనే సర్దుకుపోలేకపోయానా అని తనను తానే తిట్టుకుంది. "బావగారూ, తప్పయిపోయింది. మళ్ళీ మీ చేతే కట్టిస్తాను. మీ ఇటుకలు ఒక్కటి కూడా పారెయ్యలేదు, దాచాను" అంది. అబద్ధం నోటికి దానంతటదే వచ్చేసింది.

ఒబ్రెన్ కిందికి చూశాడు. గేటు ముందు బురదగుంట పూడ్చడానికి ఆమె పోయించిన ఆ పొయ్యి ఇటుక ముక్కలు, ఒకపక్క మసితో, పల్చటి మంచులోంచి కనబడుతున్నాయి.

"వచ్చేటప్పుడు వీటి మీదే నడిచొచ్చానమ్మా" అన్నాడు మెల్లగా. "వాణ్ణి చూడాలి కదా."

వెళ్ళేటప్పుడు మాత్రం వాటిని తొక్కలేదు. పక్కనున్న బురదలో దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.