పెద్దలకు పెట్టని కంకులు

కంచె మూడో గుంజ ఉర్సుల్ అవ్వ భర్త సమాధి తలాపున దిగడం మేమంతా చూశాం. సమ్మెట దెబ్బకు మట్టి అడుగున ఏదో విరిగిన చప్పుడైంది. ముళ్లతీగ బిగిస్తున్న కూలీలు తలలు వంచుకున్నారు. వాళ్లూ తెల్లదొర పత్తిచేలలో నడుములు విరగ్గొట్టుకునేవాళ్లే. గుర్రం మీది మేనేజరు మాత్రం నవ్వాడు.

"ఈ నేల తనదని దొర దావా వేశాడు. ఇక్కడికి ఎవరొస్తారని కోర్టు అడుగుతుంది. ఎవరూ రారని దొర చెబుతాడు. అంతే!"

మా ట్యూనికా తెగ ఆదివాసులకు మార్క్స్‌విల్ ఊరి పక్కన మిగిలింది ఆ శ్మశానమూ, దాన్ని ఆనుకున్న కాసిని చేలూ. కొత్త మొక్కజొన్న చేతికొస్తే తొలి కంకులు పెద్దల సమాధుల మీద పెడతాం. ఆ తర్వాతే బతికున్నవాళ్ల నోటికి. ఆ ఏడు ఎర్రనది పొంగి పాత గింజలన్నీ కుళ్లిపోయాయి. చేలో కంకులు పాలుపోసుకుని నిలబడ్డాయి, సమాధులేమో కంచె లోపల. ఇళ్లలో తొమ్మిది రోజులుగా పొయ్యి రాజలేదు.

పదో రోజు మధ్యాహ్నం అవ్వ వాకిట్లో చేరాం. అర్సేన్ తన కూతుర్ని ఎత్తుకొచ్చాడు. ఆ పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"చచ్చినోళ్లకి ఆకలెయ్యదే అవ్వా! దీనికేస్తోంది. కంకులు విరుస్తా. ఎవడాపుతాడో చూస్తా."

"ఎవడూ ఆపడ్రా. మేనేజరైతే చప్పట్లు కొడతాడు. పెద్దలకు పెట్టకుండా తిన్నారు, అక్కడ వీళ్ల పెద్దలే లేరని కోర్టులో అంటాడు. రేపు సమాధుల మీద పత్తి, ఎల్లుండి నీ చేలో పత్తి."

"నీకేం, పళ్లే లేవు. తిన్నా తినకపోయినా ఒకటే!"

"పళ్లు లేకపోతే కడుపు లేదంట్రా, వెధవా?"

నవ్వాం. నవ్వినా ఖాళీ కడుపు నొప్పెట్టింది.

"తీగ ముట్టుకుంటే కాల్చేస్తారు," అంది ఎవరో ఇల్లాలు.

"ముట్టుకోకపోతే?" అన్నాడు అర్సేన్, చాలా మెల్లగా.

పిల్లను నా చేతుల్లో పెట్టి చేలోకి దిగాడు. కంకులు విరిచి చొక్కాలో నింపుకున్నాడు. తినేస్తాడనుకున్నాం. అతను కంచె వైపు నడిచాడు. మేమూ నడిచాం.

మూడో గుంజ అతని చేతుల్లో ఊగి పైకి లేచేసరికి మేనేజరు తుపాకీ పేలింది. అర్సేన్ కూలిపోయాడు, కంకులు చెల్లాచెదురయ్యాయి. ఎవరూ వెనక్కి పరుగెత్తలేదు. కంకులు ఏరుతూనే, గుంజలు పీకుతూనే సమాధుల వైపు ముందుకు వెళ్లాం.

షెరీఫ్ వచ్చి, కంచె ఎవరు పీకారని అడిగాడు. ముళ్లు దిగిన అరచేతులు చాపాం, ముసలీ ముతకా అంతా. వాటి మధ్య తీగ బిగించిన కూలీల చేతులూ ఉన్నాయి. అతని దగ్గర ఉన్నవి రెండు జతల బేడీలే.

మర్నాడు పెద్దల పక్కనే అర్సేన్‌ను పూడ్చి, పచ్చి మట్టి మీద ఒక కంకి పెట్టాం. అప్పుడు అతని కూతురు తింది. తిరిగి వస్తుంటే కొత్త గుంజల బండి ఎదురొచ్చింది. దారికి అడ్డంగా కూర్చుని, మిగిలిన కంకులు ఒలుచుకున్నాం.