ఎలపట ఇంజను, దాపట ఇంజను

జయప్రకాశ్ గారి ఫోను వచ్చేసరికి నేను దోసె తిరగేస్తున్నాను. మా ఆయన జావీద్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని వంటింట్లో గిర్రున తిప్పాడు. దోసె మాడిపోయింది. పెళ్లయిన ఈ నలభై రోజుల్లో నేను చాలా దోసెలు మాడ్చాను కానీ, ఇంత సంతోషంగా మాడింది ఇదొక్కటే.

"ఫాయిజా, పోటీలో మనకు జాగా దొరికింది! ఎవరో తప్పుకున్నరంట!"

విశాఖలో జరిగే పవర్‌బోట్ల పోటీ అది. జయప్రకాశ్ గారు సత్తుపల్లి రైతు. పామాయిల్ తోటల మధ్య ఉండే మనిషికి పడవల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. బోటు ఆయనది. దాని ఇంజన్ల బాధ్యతంతా భద్రాచలంలో మోటార్ల మిస్త్రీ అయిన మా ఆయనది.

"పూర్తిగా వినవయ్యా," అన్నారు జయప్రకాశ్ గారు స్పీకర్‌లో. "సాయంత్రం ఐదింటిలోగా వాళ్లకు వీడియో పంపాలి. గంటకు వంద కిలోమీటర్లు కనపడాలి. ఏటివాలుకు ఒకసారి, ఎదురుకు ఒకసారి, రెండింటి సగటు. లేదంటే ఆ చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

జావీద్ నన్ను తిప్పడం ఆపేశాడు. ఎందుకో నాకు తెలుసు. పెళ్లికి ముందు నూట రెండు పరిగెత్తిన బోటు, పెళ్లయ్యాక తొంభై ఒకటి దాటడం లేదు.

పావుగంటలో బైకు మీద గోదావరి వంతెన దాటి బూర్గంపాడు వైపు రేవుకు చేరాం. చలికాలపు ఎండ. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను బీఎస్సీ చదివినా, ఈ బోటు గురించి నేర్చుకున్నది మాత్రం పెళ్లయ్యాకే. దాన్ని కాటమరాన్ అంటారు. రెండు సన్నటి పడవలను పక్కపక్కన పెట్టి పైన ఒకే కప్పు వేసినట్టు ఉంటుంది. వేగం అందుకున్నాక ఆ రెండింటి మధ్య సందులోకి గాలి దూరి బోటును పైకి లేపుతుందట. అప్పుడది నీళ్లను గీరుతూ పోతుందే తప్ప కోస్తూ పోదట. మొదటిసారి దాని పరుగు చూసినప్పుడే నేను ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టాను. జావీద్ వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

రేవులో బోటుకు కాపలా ఉండేది భీమయ్య తాత. ములకలపల్లి దగ్గర నలభై ఏళ్లు నాగలి పట్టిన మనిషి. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు.

"ఏంది మిస్త్రీ, మళ్ల విప్పుతవా? పెండ్లయినకాడి నుంచి నీ చెయ్యి మెత్తబడ్డది. బోటుకు గూడ తెలిసిపోయింది."

"నువ్వాగు తాతా," అన్నాడు జావీద్. "ఇంజన్ల ఎత్తు మార్చిన. ప్రొపెల్లర్లు సాఫ్ చేసిన. ఆయిల్ మార్చిన. ఇంకేం మార్చాలె?"

"పెండ్లాన్ని మార్చకు బిడ్డా, గది మంచిగనే ఉన్నది."

నేను నవ్వాను కానీ జావీద్ నవ్వలేదు. బోటును ఒకసారి ఏటివాలుకు పరిగెత్తించి వచ్చాడు. మళ్లీ తొంభై ఒకటే. ముక్కు పైకి లేవడమే లేదు. గాలి సందులోకి దూరేలోపే బోటు తలవంచి నీళ్లు తాగుతున్నట్టుంది. టైము పదకొండు.

ఏం చేయాలో తోచక నేను తడిబట్ట తీసుకుని ఇంజన్లు తుడవసాగాను. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఒకే రంగు, ఒకే మూత. తేడా ఒక్కటే. ఒకదాని ప్రొపెల్లరు ఇటు తిరిగితే రెండోదానిది అటు తిరుగుతుంది. రెండూ ఒకే వైపు తిరిగితే బోటు ఒక పక్కకు లాగుతుందట. తుడుస్తుంటే ఎడమ ఇంజను బిగింపు పక్కన తెల్ల రంగుతో చిన్న అక్షరం కనిపించింది. 'ఎ'. కుడిదాని మీద చూశాను. 'దా'.

"మిస్త్రీ సాబ్, ఈ రాతలు మీవేనా?"

"కాదు, తాత రాసిండు. పెండ్లికి ముందు సర్వీసుకని దించినం గద, కలిసిపోతయని రాయమన్న. ఎ అంటే ఎడమ. దా అంటే దాయా, కుడి. చూసుకుంటనే బిగించిన."

దాయా అంటే మా ఇంటి ఉర్దూలో కుడి. నాకూ సరిగ్గానే అనిపించింది. అంతలోనే ఒక సందేహం తలెత్తింది. భీమయ్య తాతకు ఉర్దూ ఎక్కడిది?

"తాతా, దా అంటే ఏంది?"

"దాపట. గది గూడ తెల్వదా?"

"మరి ఎ?"

"ఎలపట! ఎలపటెద్దు, దాపటెద్దు. కుడిపక్క కట్టేది ఎలపటది, ఎడమపక్క కట్టేది దాపటది. ఏం సదివినవ్ బిడ్డా కాలేజీల?"

జావీద్ పానా కింద పెట్టి, రెండు చేతులతో తల పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరకు పరిగెత్తాను. నవ్వుతున్నాడు.

"నలభై దినాలు! కుడిది ఎడమకు, ఎడమది కుడికి కట్టి నలభై దినాల నుంచి తిప్పుతున్న!"

"గట్లనా?" తాత లేచి వచ్చి ఇంజన్లను ఎద్దుల్లాగే చూశాడు. "దాపటెద్దును ఎలపట కడితే ఏం నడుస్తది? కాడి ఇరగలే, సంతోషం."

ఆ బోటులో ప్రొపెల్లర్లు రెండూ లోపలి వైపుకు తిరిగితేనే ముక్కు తేలుతుందట. ఇప్పుడవి బయటికి తిరుగుతున్నాయి. అప్పుడు మనసు ఎక్కడ పెట్టుకుని బిగించావని నేను అడిగితే, జావీద్ నా వైపు చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ జవాబు నాకు చాలా నచ్చింది.

తర్వాత నాలుగు గంటలు ఒళ్లు మరిచి పనిచేశాం. చైను పుల్లీకి కట్టి ఒక్కో ఇంజనునూ లేపాం. తాత గొలుసు లాగాడు. నేను బోల్టులు డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో పూర్తి మాటల్లో రాసి పెట్టాను. కుడి, ఎడమ అని. పొట్టి అక్షరాలతో నాకిక జన్మలో పని లేదు.

మూడున్నరకు బోటు నీళ్లలోకి దిగింది. జావీద్ వేగం చూపించే తెరకు ఎదురుగా ఫోను బిగించి, హెల్మెట్ పెట్టుకుని, లైఫ్‌జాకెట్ పట్టీలు లాగి కట్టుకున్నాడు. తాతా, నేనూ ఒడ్డున నిలబడ్డాం. ఇంజన్లు అరిచాయి. బోటు వంద గజాలు తలవంచుకునే పోయింది. అంతలో ముక్కు లేచింది! బోటు కింద వెలుతురు కనిపించింది. అద్దంలాంటి గోదావరి మీద రెండు సన్నటి గీతలు మాత్రమే మిగిలాయి.

"గిప్పుడు నడుస్తున్నది జోడు," అన్నాడు తాత మెల్లగా.

ఏటివాలుకు నూట నాలుగు. ఎదురుకు తొంభై తొమ్మిది. సగటు నూట ఒకటిన్నర. నేనే లెక్క కట్టాను, రెండుసార్లు. నాలుగూ పదికి వీడియో పంపాం. ఐదు కాకముందే జయప్రకాశ్ గారు ఫోను చేశారు.

"ఒప్పుకున్నారయ్యా! ఫారంలో ఇద్దరి పేర్లు కావాలట. నడిపే మనిషి నువ్వు. పక్కన కూర్చుని మీటర్లు చూసే రెండో మనిషి ఎవరు? నేనైతే ఆ సీట్లో పట్టను."

జావీద్ నా వైపు చూశాడు. నేను తలూపాను.

"రాసుకోండి సార్, ఫాయిజా," అన్నాడు. ఫోను పెట్టేసి, తన హెల్మెట్ తీసి నా తలకు తొడిగాడు. అది కళ్ల మీదికి జారింది.

"రేపు పొద్దుగాల ఏడింటికల్లా రేవుల ఉండాలె. ముందుగాల లైఫ్‌జాకెట్ తోని నీళ్లల్ల తేలుడు నేర్చుకోవాలె. తర్వాత నా పక్కన కూసోని మీటర్లు చదువుడు. నాష్టా నేనే చేస్త, దోసెలు వద్దు."