మిట్టమధ్యాహ్నపు బేరం

పొద్దున్నే పేడ ఎత్తి, తిమ్మక్క ఆవు మెడకు కొత్త పలుపు కట్టింది. మోకాళ్లు అప్పుడే సలుపుతున్నాయి. వానల్లేక చేను ఎండింది. ఆవు అమ్ముడుపోకుంటే గుంటూరు మిరపకోతలకు పోవడమేనని మొగుడు తిరుపాల్ మూటలు కట్టి పెట్టాడు.

ఆవు చూపులకు మహారాణి. వెడల్పాటి నడుము, సన్నని తోక, కడుపు కింద వేలంత లావు పాలనరం. అవన్నీ చూసే కొన్నారు. తొలిచూలు ఈనితే పూటకు చెంబుడు పాలే ఇచ్చింది. మిట్టమధ్యాహ్నం కొనడమే పొరపాటు. ఒళ్లు చెప్పని సంగతి ఆవు నీడ చెబుతుంది. పాలిచ్చేదాని నీడకు పొదుగు నిండుగా వేలాడుతుంది. అందుకే సంతలో దళారులు నీడ కనపడని వేళకే బేరం తెగ్గొడతారు. మర్నాడు వాకిట్లో ఆ ఆవుకు మేక నీడ పడితే ఊరంతా నవ్వింది. సిగ్గుపడి తిమ్మక్క దాన్ని రేకుల కొట్టం దాటించలేదు. ఇప్పుడది మళ్లీ చూడితో ఉంది. మళ్లీ చెంబుడు పాలకు మేపే ఓపిక ఆమెకు లేదు.

నీడ పడకుండా టార్పాలిన్ పట్టా కప్పిన ఆటోలో ఎమ్మిగనూరు సంతకు తెచ్చింది.

"తెచ్చినావా మేకను?" అన్నాడు దళారి తిక్కయ్య.

"మెల్లగ మాట్లాడన్నా. అంటగట్టింది నువ్వే గదా."

"అందుకే సెప్తాండా, పొద్దు వాలకముందే ఇచ్చెయ్."

హాలహర్వి రైతు జయరాం పాలనరం నొక్కాడు, తుంటి ఎముకల మధ్య జానతో కొలిచాడు, తలూపాడు. అతని తరఫున తిక్కయ్య తువ్వాలు కప్పి, దాని కింద తిమ్మక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇక మాటలుండవు, ధర వేళ్లే చెప్పుకుంటాయి. ఆమె బొటనవేలు ముడిస్తే ఆవు జయరాంది.

అంతలో పొద్దు కాస్త జరిగింది. ఆవు కాళ్ల కింది నుంచి నీడ బయటికి పాకింది. తిమ్మక్క గబుక్కున జయరాం వైపు చూసింది. అతను ఆవు పళ్లు చూస్తున్నాడు. ఆమె నేలకేసి చూసింది. మేక లేదు. నీడ పొదుగు దుమ్ములో కాగులా పరుచుకుని ఉంది.

తిక్కయ్య కూడా చూశాడు. తువ్వాలు కింద ఆమె వేలు తనే ముడవబోయాడు.

"ఇడువన్నా."

"బేరమైపోయిందమ్మా!"

"యాడైంది? ఏలు నాది."

చెయ్యి లాక్కుంది.

సాయంత్రం ఆటో పిలవలేదు. పొద్దుకెదురుగా ఆవును తోలుకుంటూ, కాళ్ల మీదికొచ్చే ఆ నీడ పొదుగు తొక్కకుండా పక్కకు తప్పుకుంటూ నడిచింది.

తిరుపాల్ మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. "అమ్మలేదా?"

తిమ్మక్క అరుగు మీద కాళ్లు చాపింది.

"లేదు. పెద్ద బిందె ఏ మూటలో కట్టినావు?"