టోపీ కింద వేకువ

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి జల్లి, ముగ్గు పెట్టి, పొయ్యి ముట్టించే ముందు తవిటమ్మ టోపీల పని చూసుకునేది. కోటబొమ్మాళి స్టేషనుకి కూతవేటు దూరంలో వాళ్ళ పెంకుటిల్లు. మొగుడు జగన్నాధం ముప్పై ఏళ్ళు ఆ స్టేషన్లో జెండా ఊపి నిరుడే రిటైరయ్యాడు. రైలు పెట్టెల్లో జనం మరిచిపోయి, ఆనక ఎవరూ వచ్చి అడగని టోపీలను ఒక్కొక్కటే ఇంటికి తెచ్చేవాడు. మొత్తం పదమూడు. తవిటమ్మ వసారా గోడకి చిలకకొయ్యలు కొట్టించి కొన్ని తగిలించింది. మిగిలినవి ఆకారం చెడకుండా, బోర్లించిన ముంతల మీద పెట్టింది. పాత చీర ముక్కతో దుమ్ము దులిపి, పురుగు పట్టకుండా ఎండు వేపాకు దోపేది.

ఏ టోపీ ఎక్కడ ఉండాలో తేల్చుకోడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఎందుకంటే ఆఖరుసారి ఎవరైనా తీసి నెత్తిన పెట్టుకున్న ఆ క్షణాన ఎలాంటి పూట ఉందో, ఆ పూటనే ప్రతి టోపీ తన కింద దాచుకునేది. దొర టోపీ కింద ఎప్పుడూ వైశాఖపు ఎండే. ముసురు పట్టినప్పుడు వీధిలో ఆడవాళ్ళు చేటలో వడియాలు తెచ్చి దాని కింద పెట్టి పోయేవారు. ఊడ్పుల్లో ఎవరో వానకి నెత్తిన వేసుకున్న తాటాకు గిడుగు కింద సన్నటి జల్లు పడేది. దాన్ని పెరట్లో కట్టి, కింద తోటకూర మడి వేసింది. ఉన్ని టోపీ కింద మాఘమాసపు చలి. మజ్జిగ ముంత అక్కడ. ఒకసారి జగన్నాధం దొర టోపీనీ గిడుగునీ పక్కపక్కన తగిలిస్తే వసారాలో మూరెడు ఇంద్రధనుస్సు లేచింది. బడికెళ్ళే పిల్లలంతా అక్కడే చతికిలబడ్డారు. పంతులుగారొచ్చి తవిటమ్మని కేకలేసి వెళ్ళారు.

బుధవారం, శనివారం సముద్రపు రేవు నించి బస్సులో లక్ష్మణమ్మ చేపల గంపతో వచ్చేది. పాతికేళ్ళుంటాయి. తవిటమ్మని అక్క వరసలో "అప్పా" అని పిలిచేది. గంప దించి, మంచినీళ్ళు తాగి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి గానీ లేచేది కాదు. అరవై ఆరు కార్తీకంలో వచ్చిన తుఫానులో ఆమె మొగుడు సూరయ్య సముద్రంలో పోయాడు. నెల తిరక్కుండా ఆమె గంపలో గుడ్డ కింద ఒక తాటాకు టోపీ పెట్టుకొచ్చింది.

"మా ఆయనదప్పా. ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఇంట్లో ఉంటే దాన్ని సూసి మా అత్త ఏడుస్తాది, నాను ఏడుస్తాను. నీకాడుంచు."

"కింద సెయ్యెట్టి సూసావేటే?"

"నానొల్ల. తుఫాను మబ్బుంటాది దాని కింద."

తవిటమ్మ ఆ టోపీని లోపలి గదిలో తగిలించి గుడ్డ కప్పింది. తనూ చెయ్యి పెట్టి చూడలేదు.

లక్ష్మణమ్మ భయానికి కారణం ఉంది. ఆ రోజు వేకువన మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్నారు. పొయ్యి దగ్గర కూర్చునే ఆమె, "ఇంట్లో గింజల్లేవు, మొగోడివి కాదేటి, ఎల్లు!" అని అరిచింది. సూరయ్య టోపీ తీసి నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటాడు. మధ్యాహ్నానికి తుఫాను. అత్త కూర్మమ్మ రేవంతా చెప్పుకుని ఏడ్చింది: "ఆడెల్లేతలికే మబ్బు నల్లగా కమ్మున్నాది. సూసి సూసి నా బిడ్డని తోలేసింది." పొయ్యి ముందు నించి లేవని లక్ష్మణమ్మ ఆ పూట ఆకాశం చూడనే లేదు. అత్త మాటే నిజమనుకుంది. అయినా అదే ఇంట్లో ఉండి, అత్తకి గంజి కాచి పోస్తూ రెండేళ్ళు గడిపింది.

ఈ ఏడు గంగులు ఆమెని మనువాడతానని కబురు పెట్టాడు. పెళ్ళాం పోయినవాడు, వేటకి పోతూ, వలలు అల్లుకుంటూ ఒంటరిగా ఉంటాడు. వాళ్ళల్లో మారుమనువు ఉంది, పెద్దలు ఒప్పుకుంటే చాలు. లక్ష్మణమ్మ అతని పేరెత్తినప్పుడల్లా గొంతు మెత్తబడడం తవిటమ్మ కనిపెట్టింది.

"మరేటే అడ్డు?"

"ఒకడిని సంపినదాన్నప్పా. మా అత్త పెద్దల ముందు అదే సెప్తాది."

ఆదివారం పెద్దలు కూర్చుంటారనగా, శనివారం లక్ష్మణమ్మ గంపతో వచ్చింది. ఆమె వెనకే, అదే బస్సు దిగి, కర్ర ఊతంగా కూర్మమ్మా వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అంది:

"ఆ టోపీ ఇచ్చెయ్ తల్లీ. రేపు పెద్దల ముందెడతాను. దాని కింద ఏటున్నాదో అందరూ సూస్తారు."

తవిటమ్మకి ముసలిదాన్ని గెంటెయ్యాలన్నంత కోపం వచ్చింది. కానీ కొడుకు టోపీ తల్లికి ఇవ్వనని ఎలా అనగలదు? లోపలికెళ్ళి గుడ్డ తీసి, రెండు చేతులా పట్టుకొచ్చి ముందుకి చాపింది.

"పెద్దల దాకా ఎందుకు? నువ్వే ముందు సెయ్యెట్టు."

కూర్మమ్మ పళ్ళు బిగించి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది. నేల మీద నించి సముద్రం కేసి వీచే సన్నటి గాలి ఆమె వేళ్ళకి తగిలింది. సరుగుడు ఆకుల వాసన వచ్చింది. ముడతలు పడ్డ ఆ నల్లటి అరిచేతిలో ఆవగింజంత తెల్లటి వెలుగు పడింది.

"ఏటత్తా?" లక్ష్మణమ్మ దగ్గరికి జరిగింది.

"సుక్క," అంది కూర్మమ్మ. "వేకువ సుక్క. మబ్బు నేదు."

లక్ష్మణమ్మ కూడా చెయ్యి పెట్టింది. గాలి తగిలిందో లేదో, నేల మీద కూలబడి రెండేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. కూర్మమ్మ టోపీ మీంచి చూపు తిప్పలేదు.

"నాను సూళ్ళేదే. ఆ యేళ నాను పడుకున్నాను. నా బిడ్డ గుమ్మం దాటడం కూడా నాకు తెల్దు. లేసేతలికి ఒకటే గాలి. ఎవుల్నో ఒకల్ని తిట్టాలనిపించింది. సముద్రాన్ని తిడితే ఇనదు గదా."

అని, టోపీ తవిటమ్మ చేతుల్లోంచి లాక్కుని తలకి పెట్టేసుకుంది.

"ఓలమ్మా, వద్దు!" అంది తవిటమ్మ. అప్పటికే గాలి ఆగిపోయింది. ఎవరు కొత్తగా పెట్టుకుంటే వాళ్ళ పూటే టోపీకి మిగులుతుంది, పాతది పోతుంది. ఈ సంగతి కూర్మమ్మకీ తెలుసు. కొడుకు పూట ఒక్కసారైనా తన తలకి తగలాలన్నట్టు, కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. కాసేపటికి తీసింది. ఇప్పుడు దాని కింద కోటబొమ్మాళి పగటెండ, రైలు పొగ వాసన.

"మరి రేపు పెద్దలకి ఏటి సూపిస్తారు?" అన్నాడు వసారాలోంచి జగన్నాధం. కూర్మమ్మ టోపీని కొంగులో చుట్టుకుని బస్సు కేసి నడిచింది.

మర్నాడు పొద్దున్న తవిటమ్మకి వంట మీద మనసు నిలవలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి రేవుకి పోయింది. ఒడ్డున బోర్లించిన పడవ నీడలో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళల్లో పెద్దాయన టోపీ కింద చెయ్యి పెట్టి మొహం చిట్లించాడు.

"ఉత్త ఎండే గదే. ఇదేటి సాక్ష్యం?"

కూర్మమ్మ లేచి నిలబడింది.

"ఆ యెండ నాది. బుద్ధి లేక నెత్తినెట్టుకున్నాను, నా బిడ్డ పూట పోగొట్టుకున్నాను. నిన్న దాని కింద సుక్కున్నాది. మబ్బు నేదు. మబ్బుందని నాను రెండేళ్ళు అబద్ధమాడినాను. ఈ పిల్ల తప్పేటీ నేదు."

"రెండేళ్ళు అబద్ధమాడినదాని మాట ఇప్పుడెలా నమ్మాల?"

"అప్పుడు నమ్మినారు గదా బాబూ! ఈ పిల్ల తలొంచుకుని నాకు గంజి పోసినన్నాళ్ళూ నమ్మినారు. ఇయ్యాళ ఈ మాటతో నా ఇల్లు కాళీ అయిపోతాది. ఇప్పుడు నమ్మండి."

పెద్దాయన టోపీని మెల్లగా కూర్మమ్మ చేతికిచ్చి, సరేనని తలాడించాడు.

అంతవరకూ వెనకెక్కడో నిలబడ్డ గంగులు ముందుకొచ్చాడు. "కాళీ ఎందుకవుతాది? నాను ఆ ఇంటికే వస్తాను. ఎలాగూ మా ఇల్లు కారిపోతన్నాది."

అందరూ నవ్వారు. లక్ష్మణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అత్త కేసి చూసింది. "వచ్చి ముందు నా కుక్కిమంచం నులక బిగించు," అంది కూర్మమ్మ.

పెళ్ళయ్యాక కూడా లక్ష్మణమ్మ అత్తా అనే పిలిచింది. గంగులూ అత్తా అనే పిలిచాడు. రోజూ అందరికన్నా ముందు కూర్మమ్మే లేచేది. కర్ర ఊతంగా నీళ్ళ అంచు దాకా నడిచి, నాలుగు పక్కలా ఆకాశం చూసేది. మబ్బు లేదనుకుంటేనే తిరిగొచ్చి, అప్పుడు అల్లుణ్ణి వేటకి తట్టి లేపేది. కొన్నాళ్ళకి ఇరుగుపొరుగు మగాళ్ళు కూడా వలలు భుజాన వేసుకుని, ఆమె తిరిగొచ్చేదాకా గుమ్మం ముందు కూర్చోడం అలవాటు చేసుకున్నారు.