కదిపిందెవరో నాకు తెలుసు

నేను ఒక పిన్‌బాల్ మిషన్‌ని. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. నాలుగు కాళ్ళ మీద నడుమెత్తున నిలబెట్టిన వాలుబల్లను ఊహించుకోండి. పైన అద్దం, అద్దం కింద రంగురంగుల బొమ్మలు, రబ్బరు తొడిగిన మేకులు, గంటలు. ఒక స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే ఉక్కు గోళీ పైకి దూసుకుపోయి, తగిలిన ప్రతిదానికీ అంకెలు పెంచుకుంటూ కిందికి దొర్లి వస్తుంది. కింద రెండు చిన్న రెక్కలుంటాయి. పక్కనున్న మీటలు నొక్కి ఆ రెక్కలతో దాన్ని మళ్ళీ పైకి కొట్టాలి. మధ్యలోంచి జారిపోతే ఆ గోళీ పోయినట్టే. ఇంతే నేను. ఈ మాత్రం దానికి పెద్ద పెద్ద మగవాళ్ళు చెమటలు కక్కుతారు.

నన్ను తయారుచేసినవాళ్ళకి మనుషుల మీద పెద్దగా నమ్మకం లేదు. గోళీ జారిపోబోతుంటే ఆడేవాడు బల్లని కుదిపి దాన్ని దారి మళ్ళిస్తాడని వాళ్ళకి ముందే తెలుసు. అందుకే నా కడుపులో ఒక ఇత్తడి గుండు వేలాడదీసి, దాని చుట్టూ ఒక రింగు పెట్టారు. ఎవరైనా గట్టిగా కుదిపితే గుండు ఊగి రింగుకి తగులుతుంది. తగిలిందా, నా దీపాలారిపోతాయి, రెక్కలు చచ్చుబడిపోతాయి, వెనకున్న అద్దం మీద ఎర్రగా ‘టిల్ట్’ అన్న మాట వెలుగుతుంది. నాకు వచ్చిన మాట అదొక్కటే. ఎవరో కదిపారని చెప్పగలను. ఎవరు కదిపారో చెప్పలేను.

నేను పుట్టింది అమెరికాలో, ఒక చలి ఊళ్ళో. ఒకావిడ రోజుల తరబడి నిలబడి నాలోపల తీగలు అతికింది. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా ఆడలేదు. అక్కణ్ణించి ఓ రేవుపట్నంలో ఓడ పనివాళ్ళ క్లబ్బుకి చేరాను. పదకొండేళ్ళు అక్కడే. తాగి వచ్చి తన్నేవాళ్ళు, నేను టిల్ట్ అనేదాన్ని, నాకు అర్థం కాని పది భాషల్లో తిట్టేవాళ్ళు. అంతటితో సరి. నిజం చెప్పాలంటే అక్కడ నాకు సిగ్గంటే ఏమిటో తెలీదు. అది నేర్చుకున్నది మర్యాదస్తుల మధ్యకి వచ్చాకే.

ఆ మర్యాదస్తుడి పేరు మజ్జి నీలకంఠం. సరుకు ఓడల మీద ఎలక్ట్రీషియన్. క్లబ్బు మూసేస్తుంటే నన్ను అడిగి తీసుకుని, చెక్కపెట్టెలో బిగించి, విశాఖపట్నం కంచరపాలెంలో తన ఇంటి హాల్లో దించాడు. ఇక్కడి కరెంటు నాకు పడదు. అందుకని తనే ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. పైసలు వేసే చోట కాలింగుబెల్లు స్విచ్చి బిగించాడు. మంచి పనివాడు, కాదనను. ఓడ ఉద్యోగం మానేశాక ఆదివారం మధ్యాహ్నాలు హార్బరు స్నేహితులందర్నీ నా దగ్గరికి పిలిచేవాడు.

పిలిచినవాళ్ళ కోసం ఒక అట్ట మీద నియమాలు రాసి నా తల మీద వేలాడగట్టాడు. చేతులు కడుక్కుని రావలెను. అద్దం మీద టీగ్లాసు పెట్టరాదు. ఒకరు ఆడునప్పుడు మరొకరు మిషనుపై చెయ్యి వేయరాదు, మాట్లాడరాదు. తన గోళీ పోయిన వెంటనే చేతులు తీసి రెండడుగులు వెనక్కి జరగవలెను. గోళీ ఇరుక్కున్నచో యజమానిని పిలవవలెను, అద్దం ఎత్తరాదు. కుదిపినవారు నెల రోజులు ఆడరాదు. చివర్లో తన సంతకం కూడా పెట్టాడు. ఆయన భార్య నూకరత్నం ఆ అట్ట చూసి, “ఆసుపత్రి బోర్డులాగుంది,” అంది.

అట్ట మీద లేని నియమం ఇంకొకటి ఉండేది. గోడకి ఒక పలక, పలక మీద సుద్దముక్కతో నీలకంఠం చేసిన పెద్ద లెక్క: 68,420. దాన్ని ఎవరూ దాటకూడదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు. అరవై వేలు దాటేసరికి వచ్చినవాడికి ఎక్కడలేని మొహమాటం ముంచుకొచ్చేది. ఒకడికి దగ్గొచ్చేది, ఒకడికి చెయ్యి తిమ్మిరెక్కేది, గోళీ జారిపోయేది. “అయ్యయ్యో, కొంచెంలో పోయిందే!” అని నీలకంఠం బాధపడేవాడు. ఆ బాధ పడుతూనే ఇంకో రెండు పకోడీలు వాడి పళ్ళెంలో వేసేవాడు. అందరూ కావాలని ఓడిపోతుంటే నేను గంటలు మోగించుకుంటూ నిలబడేదాన్ని. అప్పుడు నాకు నవ్వు వచ్చేది. ఇప్పుడు రాదు.

కిల్లి దాలినాయుడు నీలకంఠానికి చిన్నప్పటి బళ్ళో జతగాడు. హార్బర్లో క్రేను తోలేవాడు. అప్పటికి పాతికేళ్ళుగా ఓడలోంచి సరుకు దించుతున్నాడు, గాజు సామాను పెట్టె దించినా లోపల చప్పుడయ్యేది కాదని చెప్పుకునేవారు. ఆ చేతులు నా మీద వేసిన రోజునే నాకు తెలిసింది. మీట నొక్కేవాడు గానీ నన్ను నొక్కేవాడు కాదు. ఎందుకో ఎప్పుడూ నలభై వేలు దాటేవాడు కాదు, దాటాలన్న తొందరా కనిపించేది కాదు.

ఆ ఆదివారం వాన. హాలు నిండా మనుషులు. దాలినాయుడు నెమ్మదిగా ఆడుతూ ఆడుతూ అరవై వేలకి వచ్చాడు. వచ్చి, మీటల మీంచి వేళ్ళు కాస్త వదులు చేసి, పక్కకి చూశాడు.

“ఆడరా, మొహమాటపడకు,” అన్నాడు నీలకంఠం.

మన ఇళ్ళల్లో ఆ మాటకి ఎంత విలువో మీకు తెలుసు. వడ్డించేవాళ్ళూ అంటారు, తినేవాళ్ళు చెయ్యి అడ్డం పెడతారు. కానీ దాలినాయుడు మాటని మాటగానే తీసుకునే మనిషి. మొహమాటపడకుండా ఆడాడు. నా జన్మలో నన్ను అంత బాగా ఆడినవాడు లేడు. అరవై ఐదు, అరవై ఏడు. హాల్లో నవ్వులాగిపోయాయి. అరవై ఎనిమిది వేల నూట పది. గోళీ వెయ్యి అంకెల గంట వైపు వెళుతోంది, అది తగిలితే పలక మీది లెక్క చెరిగిపోతుంది.

నీలకంఠం నా కుడి ముందుకాలి దగ్గర నిలబడి ఉన్నాడు. అతని మోకాలు నా కాలికి తగిలింది. పొరపాటున తగిలిందనే చెప్పాలని నాకెంత ఉందో! కానీ పొరపాటు ఒక్కసారే తగులుతుంది. ఆ మోకాలు వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. గుండు ఊగి రింగుని తాకింది.

నేను నాకొచ్చిన మాట చెప్పాను.

“ఓలమ్మో, నాయుడు టిల్టయిపోనాడ్రా!” అని అరిచాడు గేదెల అప్పన్న. హార్బర్లో సరుకు లెక్క రాసేవాడు, ఎక్కడున్నా నవ్వించేవాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వులో ఎంత తేలికపడ్డారో నాకు వినబడింది.

దాలినాయుడు రెండు చేతులూ పైకెత్తాడు. “నాను కదపనేదురా.”

“మిషన్ అబద్ధమాడదు కదరా దాలీ,” అన్నాడు నీలకంఠం.

నేను అబద్ధమాడలేదు. ఎవరో కదిపారు, కదిపారనే అన్నాను. కానీ నా ఎర్రదీపం వెలుగు పడింది దాలినాయుడి మొహం మీద. ఆరిపోదామంటే నా చేతిలో లేదు. ఆ మోకాలి వైపు చూపిద్దామంటే నాకు వేలు లేదు. సిగ్గుతో నా తీగలన్నీ కాలిపోతే బాగుండనిపించింది.

అట్ట మీద నియమం చదివి, నెల రోజులు శిక్ష అని నీలకంఠమే సరదాగా ప్రకటించాడు. దాలినాయుడు అతని మొహంలోకి కాసేపు చూశాడు. వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నూకరత్నంతో, “ఎల్లొస్తానమ్మా సెల్లీ,” అని, వానలోనే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నెల గడిచినా రాలేదు.

ఆ తర్వాతి సంగతులు నాకు ఆదివారం కబుర్లలోనే తెలిశాయి. అప్పన్న హార్బరంతా చెప్పాడు. దాలినాయుడు కాస్తా ‘టిల్టు నాయుడు’ అయ్యాడు. ఒక రోజు సముద్రం గాలికి క్రేను మీది సరుకు కొంచెం ఊగితే, కిందనుంచి ఎవడో “టిల్టు!” అని కేకేశాడట. మొదట్లో తనూ నవ్వేవాడట. తర్వాత తర్వాత సరుకు దించే ముందు కిందికి చూడ్డం మొదలుపెట్టాడు. ఎప్పుడూ వణకని చెయ్యి ఆగి ఆగి కదలడం మొదలైంది. చివరికి తనే అర్జీ పెట్టుకుని క్రేను దిగి, స్టోర్సులో బోల్టులు ఇచ్చే గదిలో కూర్చున్నాడు. అప్పన్న ఇది కూడా నవ్విస్తూనే చెప్పాడు. నీలకంఠం మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం అతను నా కడుపు తెరిచి ఇత్తడి గుండు ఊడదీశాడు. అడిగినవాళ్ళకి తుప్పు పట్టిందన్నాడు. అది శుద్ధ అబద్ధం. ఇత్తడికి తుప్పేమిటి! గుండు లేకపోయాక నన్ను ఎవరు ఎంత కుదిపినా పలకలేదు. అది తెలిసి అందరూ కుదిపారు. మోకాళ్ళతో, తుంట్లతో, అరచేతులతో. లెక్కలు తొంభై వేలు దాటాయి, పలక చెరిపి కొత్త అంకె రాసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. ఉన్న ఒక్క మాటా పోయి రెండేళ్ళకు పైగా నిలబడ్డాను. నీలకంఠం నా ముందుకి వచ్చేవాడు, అద్దం తుడిచేవాడు, మీటల మీద చెయ్యి పెట్టేవాడు, ఆడకుండానే వెళ్ళిపోయేవాడు.

మొన్న మాఘమాసంలో అప్పన్న వచ్చాడు. “నెలాకరికి టిల్టు నాయుడు రిటైరైపోతన్నాడు బావూ. బొమ్మ క్రేనొకటి సేయించినాం, దాని మీద టిల్టు నాయుడని రాయించినాం. ఆ మిషన్ కత నివ్వే మైకులో సెప్పాల. కడుపులు సెక్కలవ్వాల!”

నీలకంఠం అతన్ని గుమ్మం దాకా సాగనంపాడు. అప్పన్న వెళ్ళాక నూకరత్నం చీపురు పక్కన పెట్టి వచ్చింది. “మీ మోకాలు నేనూ చూశానండీ ఆ రోజు,” అంది. “మీరే చెప్తారని మూడేళ్ళు చూశాను. నాదీ తప్పే. ఇప్పుడు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

అతను లేచి బీరువా తెరిచి, అడుగున దాచిన నా ఇత్తడి గుండు బయటికి తీశాడు.

ఆ ఆదివారం అందర్నీ పిలిచారు. దాలినాయుణ్ణి పిలవడానికి నూకరత్నమే వెళ్ళింది, చెల్లెలు పిలిస్తే కాదనలేక వచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. వచ్చి గుమ్మం పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. వాళ్ళు రాకముందే నీలకంఠం నా గుండు మళ్ళీ బిగించాడు.

అందరూ చూస్తుండగా నీలకంఠం స్విచ్చి నొక్కి, నా కుడి ముందుకాలి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మీటల దగ్గర ఎవరూ లేరు. మోకాలు ఎత్తి నా కాలికి ఒకసారి తాటించాడు. మళ్ళీ తాటించాడు. దీపాలారిపోయి, ఎర్ర మాట వెలిగింది. ఈసారి ఆ వెలుగులో అతనొక్కడే ఉన్నాడు.

“ఆ రోజు చేసింది ఇదిరా,” అన్నాడు. “దాలీ కదపలేదు. నేనే కదిపాను. నా లెక్క దాటిపోతాడని.”

అప్పన్న చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. “నాయుడూ...” అని మొదలుపెట్టాడు గానీ మాట సాగలేదు. అతనికి మాట సాగకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

దాలినాయుడు లేవలేదు. “నాకు తెలుసురా,” అన్నాడు.

“ఏం తెలుసు?” అన్నాడు నీలకంఠం.

“నా కళ్ళు గోళీ మీదున్నాయి గానీ నా సేతులు మిషన్ మీదున్నాయి కదరా. కుదుపు ఏ పక్కనుంచొచ్చినాదో క్రేను తోలినోడికి తెల్దేటి?”

“మరి అప్పుడే ఎందుకనలేదురా?”

“నీ ఇంట్లో నిలబడి, నీ టీ తాగతా, సెల్లెమ్మ సూస్తుండగా నిన్ను దొంగనమంటావేటి? ఒకరింటికెల్లి వాళ్ళ మిషన్ ఆడినోడు అలగ సేస్తాడా?”

నా తల మీద వేలాడే అట్టని ఆ క్షణాన ఎవరూ చూడలేదు. చూస్తే బాగుండేదని కూడా నేననను. అంత పెద్ద మర్యాదని ఆ మనిషి మూడేళ్ళు మోశాడు, దాని కోసం క్రేను దిగాడు, మేమందరం నవ్వుకుంటూ గడిపాం.

“ఆడరా దాలీ. ఒక్క ఆట,” అన్నాడు నీలకంఠం.

“మొహమాటపడకుండానా?” అని అడిగాడు దాలినాయుడు.

అతను లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. ఇద్దరి ఆటకని స్విచ్చి రెండుసార్లు నొక్కి, కడ్డీ లాగి వదిలాడు. గోళీ పైకి వెళ్ళింది, రెండు గంటలు మోగించి నేరుగా రెక్కల మధ్యకి వచ్చింది. అతని వేలు ఆలస్యంగా కదిలింది. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు. “సెయ్యి మొద్దుబారిపోనాదిరా,” అన్నాడు, ఎవర్నీ నిందించకుండా. చేతులు తీసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

“నీ వంతు.”

నీలకంఠం మీటల దాకా వచ్చాడు. చేతులు వేయలేకపోయాడు.

రిటైర్మెంటు సభలో మైకు ముందు కూడా నీలకంఠం అంతా ఉన్నదున్నట్టు చెప్పాడని నూకరత్నం పక్కింటావిడతో అంటుంటే విన్నాను. బొమ్మ క్రేను మీది పేరు అప్పన్న గీకించి మార్పించాడట. దాలినాయుడు ఇప్పుడు అప్పుడప్పుడు వస్తున్నాడు. క్షమించాడో లేదో నాకు తెలీదు. నీలకంఠానికీ తెలీదు, అడిగే ధైర్యం లేదు. ఇద్దరూ వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకుంటారు. రెండో ఆటగాడి గోళీ స్ప్రింగు ముందుకొచ్చి అలాగే కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నూకరత్నం కూడా అద్దం పైపైనే తుడుస్తుంది. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ దాలినాయుడు ప్రతిసారీ నా వైపోసారి చూసి, “ఇంకా ఆడనేదేట్రా?” అని నీలకంఠాన్ని అడుగుతాడు.