సాక్షి సంతకం

“అక్కా, మీతో కూడా ఇలాగే చేశాడా?” అని అడిగింది కరోలిన్.

“లేదే,” అంది ఉదయశ్రీ.

ఆ మాట అనడానికి ఆమెకు అర క్షణం కూడా పట్టలేదు. ఎన్నాళ్లనుంచో నాలుక మీద సిద్ధంగా పెట్టుకున్నట్టు వచ్చేసింది. కరోలిన్ కళ్లు తుడుచుకుని, చేతులకు కొత్త గ్లౌజులు తొడుక్కుంది. “అయితే నేనే తప్పుగా అనుకున్నానేమోలే అక్కా. పెద్దాయన కదా,” అంది. ఆ మాటకు ఉదయశ్రీకి ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎవరి మీదో తనకు తెలుసు. అందుకే ఆ రోజంతా ఆ పిల్లతో మళ్లీ మాట్లాడలేకపోయింది.

వాళ్లిద్దరూ పనిచేసేది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, కానింగ్ వేల్ పారిశ్రామిక వాడలోని ఒక ఆహార పరీక్షల ల్యాబ్‌లో. కంపెనీల నుంచి వచ్చే పాలు, మాంసం, కడిగి సంచుల్లో కట్టిన ఆకుకూరలు, అన్నిట్లో ఎన్ని సూక్ష్మజీవులు ఉన్నాయో లెక్కకట్టి రాయడం వాళ్ల పని. ఉదయశ్రీది తెనాలి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, పదమూడేళ్లు హైదరాబాదులో పనిచేసి, ఈ ల్యాబ్ ఇచ్చిన స్పాన్సర్ వీసా మీద ఏడాదిన్నర కిందట భర్తనూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చింది. కరోలిన్‌ది మచిలీపట్నం దగ్గర పల్లె. ఇక్కడే యూనివర్సిటీలో చదివి, ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది. ఇరవై నాలుగేళ్లుంటాయి.

ల్యాబ్ మేనేజరు పాండురంగ. ఇరవై ఏళ్లుగా పెర్త్‌లో ఉన్నవాడు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు ఇల్లు వెతికిపెట్టేది ఆయనే, పిల్లలకు స్కూలు చెప్పేది ఆయనే. ఉదయశ్రీ కుటుంబం దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు కారు వేసుకుని వచ్చింది కూడా ఆయనే. ఆయన భార్య శ్యామసుందరి నెల రోజులపాటు కూరలు పంపింది. కూతురు గీతిక ఆయన్ను పాండు అంకుల్ అంటుంది.

మొదటి ఆరు నెలలూ బాగానే గడిచాయి. తరవాత కోల్డ్ రూమ్‌లో మొదలైంది. శాంపిళ్లు సర్దుతుంటే వెనక నుంచి వచ్చి నడుము మీద చెయ్యి వేసేవాడు. తప్పుకుంటే నవ్వేవాడు. “మనవాళ్లం కదమ్మా, ఎందుకంత కంగారు?” అనేవాడు. ఒకసారి తలుపుకు అడ్డంగా నిలబడి, మెడ మీద పెదవులు ఆనించాడు. ఆ గదిలో నాలుగు డిగ్రీల చలి. ఆయన ఊపిరి మాత్రం వేడిగా తగిలింది. ఆమె ఆ రోజు ఇంటికి వెళ్లి మెడ ఎర్రబడి మండేదాకా రుద్దుకుంది.

భర్త సుమంత్‌కు చెప్పింది. అతను నమ్మకపోతే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది. నమ్మాడు. పళ్లు కొరుకుతూ గది నాలుగు మూలలూ తిరిగాడు. హైదరాబాదులో ఇంజనీరుగా పదేళ్లు చేసి, ఇక్కడ గోదాములో పెట్టెలు మోస్తున్న మనిషి. చివరికి మంచం అంచున కూలబడి, “పి.ఆర్.కి ఇంకెన్నాళ్లు?” అన్నాడు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి అది, దానికి ల్యాబే సిఫారసు పంపాలి.

“ఐదు నెలలు.”

“ఐదు నెలలు ఓర్చుకో ఉదయా. వాడు స్పాన్సర్‌షిప్ తీసేస్తే ముగ్గురం బ్యాగులు సర్దుకోవాల్సిందే. గీతిక ఇయర్ టెన్‌లో ఉంది. తరవాత వాడి సంగతి నేను చూసుకుంటాను.”

ఆ పూట నుంచి ఆ విషయం ఇంట్లో మళ్లీ రాలేదు. ఉదయశ్రీ కోల్డ్ రూమ్‌కు ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లడం నేర్చుకుంది. కరోలిన్ చేరాక పాండురంగ చూపు అటు మళ్లింది. ఆమెకు ఊపిరి పీల్చుకునే సందు దొరికింది. ఆ సందు ఎలా దొరికిందో ఆలోచించకుండా ఉండడానికి ఆమె చాలా కష్టపడింది.

కరోలిన్ అడిగిన నాలుగో రోజు, సోమవారం మధ్యాహ్నం, పాండురంగ ఉదయశ్రీని తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. పోయిన నెల పధ్నాలుగున వచ్చిన పదకొండు పాల శాంపిళ్లకు సూక్ష్మజీవులు పెరిగిన ప్లేట్లు చూడకుండానే కరోలిన్ అంకెలు రాసిందనీ, అది తాను కళ్లారా చూశాననీ ఉదయశ్రీ చెబుతున్నట్టు అందులో టైపు చేసి ఉంది.

“సార్, ఆ ప్లేట్లు…” అంది. ఆ రోజు కరోలిన్‌కు అనుమానం వస్తే తనే పక్కన కూర్చుని అన్నీ మళ్లీ లెక్కపెట్టింది. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

“ఆ పిల్లకి నోరు ఎక్కువైందమ్మా. హెచ్చార్ వాళ్లకి ఏదో మెయిల్ పెడతానంటోంది. ప్రొబేషన్‌లోనే పంపించేస్తే గొడవుండదు,” అన్నాడు పాండురంగ నెమ్మదిగా. తరవాత కంప్యూటరు వైపు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు, “అన్నట్టు మీ పి.ఆర్. నామినేషన్ పేపర్లు ఈ వారమే పంపిద్దామనుకుంటున్నా. సుమంత్‌కి చెప్పు, సంతోషిస్తాడు,” అన్నాడు.

పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు. ఉదయశ్రీ సంతకం పెట్టింది.

నాలుగింటికి కరోలిన్‌ను పిలిచారు. పావుగంటలో బయటికి వచ్చి, నేరుగా ఉదయశ్రీ బల్ల దగ్గరికి నడిచింది. చేతిలో ఉద్యోగం తీసేశామన్న కాగితం ఉంది.

“ఆ ప్లేట్లు మీరే కదక్కా నా పక్కన కూర్చుని మళ్లీ లెక్కపెట్టింది? మీరే కదా?”

ఉదయశ్రీ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తలేదు. కింద స్లైడే లేదు. ఖాళీ వెలుగులోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి అడుగుల చప్పుడు దూరమైంది. బయటి తలుపు మూసుకున్న శబ్దం వినిపించాక కూడా ఆమె తల అలాగే ఉంచింది.

ఆ వారమంతా ఆమెకు ఆకలే తెలియలేదు. పాండురంగ మాట నిలబెట్టుకున్నాడు, నామినేషన్ పంపించాడు. సుమంత్ ఆనందం పట్టలేక స్వీట్లు తెచ్చాడు. ఆదివారం పియారా వాటర్స్‌లో పాండు అంకుల్ వాళ్లింట్లో బార్బీ, అంటే పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందు ఉందనీ, అందరం వెళ్లి థాంక్స్ చెప్పాలనీ అన్నాడు. ఉదయశ్రీ సరేనంది.

ఆదివారం ఉదయం గీతిక వంటింట్లోకి అట్టముక్కల కట్ట పట్టుకుని వచ్చింది. సోమవారం క్లాసులో అమెరికా మహిళల హక్కుల పోరాటం మీద ప్రసంగం ఉంది.

“మమ్, జస్ట్ లిజన్, ఓకే? ఫైవ్ మినిట్స్.” అమ్మ తెలుగులో ఏం అన్నా అర్థం చేసుకుంటుంది కానీ గీతిక నోట వచ్చేదంతా ఇంగ్లీషే.

ఉదయశ్రీ ఉల్లిపాయలు తరుగుతూ వింది. 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊళ్లో సభ పెట్టి, మగవాళ్లతో సమానంగా తమకూ హక్కులు కావాలని ఒక ప్రకటన రాశారట. వందమంది సంతకాలు పెట్టారట. పత్రికలు ఎగతాళి చేసేసరికి కొందరు జడిసి, తమ పేర్లు తీయించేసుకున్నారట. “కెన్ యూ బిలీవ్ దట్?” అంది గీతిక. 1920లో ఓటు. “మన వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 1899లోనే వచ్చింది తెలుసా?” అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో గర్వంగా అంది. 1963లో సమాన వేతన చట్టం. 1974లో మొగుడి సంతకం లేకుండా ఆడవాళ్లు అప్పు తీసుకునే హక్కు.

“అండ్ నైన్టీన్ ఎయిటీ సిక్స్. దిస్ ఈజ్ మై ఫేవరెట్.” వాషింగ్టన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని తన పైఅధికారి లైంగికంగా వేధించాడని కోర్టుకెక్కింది. ఉద్యోగం పోతుందన్న భయంతోనే ఏళ్ల తరబడి నోరు విప్పలేదని చెప్పింది. పనిచోట వేధించడం కూడా వివక్షేనని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఒప్పుకున్నారు. ఆమె ఎదురు తిరగలేదు కాబట్టి ఇష్టపడిందనుకోవడం కుదరదన్నారు.

గీతిక అట్టముక్క కింద పెట్టి ఆలోచనలో పడింది. ఆ బ్యాంకులో ఇంకా ఆడవాళ్లు ఉండే ఉంటారు కదా అంది. వాళ్లకి తెలిసే ఉంటుంది. “సో వాట్ వర్ దే డూయింగ్, మమ్? జస్ట్ సిటింగ్ దేర్ వాచింగ్?”

కత్తి పక్కకు జారింది. వేలు తెగలేదు. ఉదయశ్రీ రెండు చేతులతో గట్టు పట్టుకుని, నిలబడలేక, అలాగే నేల మీదికి జారిపోయింది. ఏడుపు వచ్చింది. అది ఏడుపులా లేదు, ఊపిరాడని మనిషి చేసే చప్పుడులా ఉంది. గీతిక హడలిపోయి, “నాన్నా!” అని తెలుగులో కేక పెట్టింది.

సుమంత్ పరుగున వచ్చేసరికి ఆమె అంతా చెప్పేస్తోంది, కూతురి ఎదుటే. కోల్డ్ రూమ్, మెడ, కాగితం, సంతకం, ఖాళీ మైక్రోస్కోపు.

“దానిముందు ఎందుకే?” అన్నాడు సుమంత్.

“అది అడిగింది కాబట్టి.”

“ఇప్పుడు నువ్వు వెనక్కి తగ్గితే ముందు నీ ఉద్యోగమే పోతుంది. అబద్ధం రాసినందుకు నిన్నే పట్టుకుంటారు. ఆలోచించావా?”

“ఆలోచించాను. వారం రోజులుగా అదే పని.”

“ఇన్ని నెలలు ఓర్చుకున్నాక, ఉదయా! చేతికి వచ్చేసిందే!” అని అతను తలుపు మీద గుద్దాడు. తరవాత అక్కడే గోడకు ఆనుకుని మొహం దాచుకున్నాడు. గీతిక ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఉదయశ్రీ లేచి మొహం కడుక్కుంది. బార్బీకి వెళ్లాల్సిన వేళకు కరోలిన్ అద్దెకుండే ఇంటి ముందు నిలబడింది. మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఉండే ఇల్లది. కరోలిన్ దోమతెర తలుపు తెరవకుండా లోపలి నుంచే చూసింది. నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి.

“నాతోనూ చేశాడమ్మా,” అంది ఉదయశ్రీ. “నువ్వు రాకముందు నాతోనే. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. రేపు రాసిస్తాను.”

కరోలిన్ తలుపు గడియ తీయలేదు. “ఆ రోజు మీరు లేదన్నాక నేనేం చేశానో తెలుసా అక్కా? నా బట్టలన్నీ ముందేసుకుని కూర్చున్నా. ఏది వేసుకుంటే ఆయన అలా అనుకున్నాడా అని,” అంది. “మా అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. చర్చిలో నా ఉద్యోగం కోసం ఉపవాస ప్రార్థన పెట్టిందంట.”

ఉదయశ్రీ తలుపు మీదికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

“రాసివ్వండి,” అని కరోలిన్ లోపలి తలుపు వేసేసింది.

సోమవారం ఉదయం ఉదయశ్రీ మెల్బోర్న్‌లోని హెడ్డాఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం పంపింది. తాను పెట్టిన సంతకం అబద్ధమని మొదటి వాక్యంలోనే రాసింది. ఆ పదకొండు శాంపిళ్ల అంకెలు తన సొంత నోటు పుస్తకంలో కూడా ఉన్నాయి. ఆ పేజీ ఫోటో తీసి జతచేసింది. మిగిలిన మూడు పేజీలూ కోల్డ్ రూమ్ గురించి. అదే ఉత్తరం సమాన అవకాశాల కమిషన్‌కు కూడా పంపింది.

విచారణ ఆరు వారాలు సాగింది. పాండురంగ సెలవు మీద వెళ్లి, అటునుంచి అటే రాజీనామా చేశాడు. ఆరోగ్యం బాగాలేదని తెలుగువాళ్లలో చెప్పుకున్నారు. కరోలిన్ మీద వేసిన ఆరోపణ తప్పని కంపెనీ కాగితం ఇచ్చింది. మళ్లీ రమ్మంటే ఆ పిల్ల వెళ్లలేదు. ఉదయశ్రీని మాత్రం తప్పుడు రికార్డు మీద సంతకం చేసినందుకు తీసేశారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదని ఆమెకే అనిపించింది. నామినేషన్ రద్దయింది. ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి నూట ఎనభై రోజుల గడువు, దొరక్కపోతే దేశం వదలాలి.

ఆమె పెట్టిన అరవై మూడు దరఖాస్తుల్లో రెండింటికి జవాబు వచ్చింది. రెండూ ‘లేదు’. ఉచిత న్యాయ కేంద్రంలో తెల్లజుట్టు లాయరమ్మ కాగితాలన్నీ చదివి, దోపిడీకి గురైన ఉద్యోగుల కోసం ఈ మధ్య ఒక తాత్కాలిక వీసా పెట్టారనీ, అడిగి చూద్దామనీ అంది. వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనంది.

ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు తీస్తుంటే శ్యామసుందరి ఎదురైంది. అందరూ వింటుండగా, “మా ఇంటి అన్నం తిన్న చేత్తోనే రాశావు కదే ఆ ఉత్తరం,” అంది. ఉదయశ్రీ పప్పు పొట్లం అక్కడే వదిలేసి బయటికి వచ్చింది. తెలిసినవాళ్ల ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుమంత్ రెండో షిఫ్టుకు కూడా వెళ్తున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అవసరమైన మాటే మాట్లాడతాడు. కానీ కమిషన్‌లో రాజీ సమావేశం రోజు, అడగకుండానే సెలవు పెట్టి కారు తీశాడు.

వెయిటింగ్ రూమ్‌లో కరోలిన్ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఒక కుర్చీ వదిలి ఉదయశ్రీ కూర్చుంది.

“నేను క్షమించానని అనుకోకండి,” అంది కరోలిన్ ఎటో చూస్తూ.

“అనుకోవడం లేదు.”

“మీ కేసులో మాత్రం సాక్ష్యం చెబుతాను. నేను చూసింది చెబుతాను.”

మూడు గంటలపాటు లోపల ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెప్పించారు. కంపెనీ తరఫు వాళ్లు ఏదీ ఒప్పుకోలేదు, ఏదీ కాదనలేదు. తేలలేదు, మళ్లీ నెలకు వాయిదా వేశారు.

కారులో కూర్చున్నాక, “ఏమన్నారు?” అని అడిగాడు సుమంత్.

“మళ్లీ రమ్మన్నారు.”

“అప్పటికి మనకి ఎన్ని రోజులు మిగులుతాయి?”

“నలభై ఒకటి.”

అతను తాళం తిప్పబోయి ఆగాడు. “ఆ రోజు నేను ఓర్చుకోమన్నాను,” అన్నాడు.

ఉదయశ్రీ సీటు బెల్టు పెట్టుకుంది. “ఆకలేస్తోంది, పద,” అంది. నిజంగానే వేస్తోంది. ఆకలనేది తెలిసి ఆమెకు ఐదు నెలలు దాటింది.