ఎత్తి తాగేవాళ్ళు

విశ్వాసమ్మ కాల్షియం బిళ్ళను రెండు స్పూన్ల మధ్య పెట్టి నొక్కింది. వేలికి అంటిన పొడిని నాలుకకు రాసుకుని చూసింది. అచ్చం సుద్దముక్కే. ఆ వార్డులో ఇచ్చే మందుల్లో ఆమె నాలుక ఎరగనిది లేదు. సిస్టరు ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు.

"చేదో తీపో నాకే తెలీకుంటే పాపం వాళ్ళకేం చెప్పేది సిస్టరమ్మా?" అంటుంది నవ్వుతూ.

కర్నూలులో ఒక పళ్ళాసుపత్రి అది. దవడ ఆపరేషన్ల వార్డుకు విశ్వాసమ్మ ఆయా. వంకర దవడను కోసి సరిచేశాక పై పళ్ళనీ కింది పళ్ళనీ రబ్బరు బ్యాండ్లతో బిగిస్తారు. ఇక వారాల తరబడి నమలడమన్న మాటే లేదు. మందులన్నీ సిరపులే, కాకుంటే సిస్టరు సరేనన్న బిళ్ళలు నూరి కలపాలి. ఒంటికి బలం రావాలని ప్రొటీన్ పొడి ఇస్తారు. విశ్వాసమ్మ దాన్ని పల్చటి రాగి జావలో కలిపి, ఉండల్లేకుండా టీ జల్లెడతో వడగడుతుంది. పొట్టి మనిషి, నడుస్తుంటే ఎడమకాలు కాస్త ఈడుస్తుంది గానీ చేతులు మాత్రం మహా చురుకు.

ఆ చేతులకు పని నేర్పింది మొగుడు దావీదురాజు. నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. గుట్కా నమిలి నమిలి నోరు పుండైపోయి, చివరికి గుక్కెడు గంజికి అల్లాడిపోయాడు. వడగట్టి, చల్లార్చి, చెంచాతో పోసిందామె. ఆయన పోయాక ఈ పనిలో చేరింది. మింగలేని మనిషి గుటక వేస్తే చాలు, ఆమెకు కడుపు నిండిపోతుంది. అంతకు మించి కోరికలేమీ పెట్టుకోలేదు.

కిటికీ పక్క మంచం శివజ్యోతిది. నందికొట్కూరు దగ్గరి పల్లె. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, ముందరి పళ్ళతో జామకాయ కూడా కొరకలేని పిల్ల. ఆపరేషన్ బాగానే అయింది. ముఖం వాచి, పెదవులు మొద్దుబారి ఉన్నాయి. పొద్దున డాక్టరు ముక్కులోని గొట్టం తీసేస్తూ తేల్చి చెప్పాడు. సాయంత్రంలోగా పిల్ల తనంతట తాను జావా సిరపూ తాగితే ఇంటికి పంపుతాడు. తాగకపోతే మళ్ళీ గొట్టమే. గొట్టమన్న మాట వినగానే పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

తోడున్న అవ్వ సోమక్క వెంటనే చెంబెత్తి మనవరాలి నోట్లో పైనుంచి పోసింది. అయ్యో, అదంతా గడ్డం మీదుగా మెడలోకి కారిపోయింది! పక్క మంచాలవాళ్ళు చూశారు. శివజ్యోతి గోడవైపు తిరిగి పడుకుంది.

"పెద్దమ్మా, మూతి పెట్టి తాగాల. పైనుంచి పోస్తే నిలబడదు," అంది విశ్వాసమ్మ.

"మా ఇంట్లో ఎత్తి తాగేదే ఆయమ్మా. మూతి పెడితే ఎంగిలి కాదా?"

వచ్చిన రోజే సోమక్క ఆమెను "మీదే ఊరు, మీవాళ్ళు ఎవురు?" అని ఆరా తీసింది. చర్చి పక్కనే ఇల్లని విన్నాక ఆమె చేతి టీ ముట్టలేదు. విశ్వాసమ్మకు మనసు చివుక్కుమంది, లేదంటే అబద్ధం. అయినా పిల్ల ఏం చేసింది పాపం?

మధ్యాహ్నం జావ మళ్ళీ కాచింది. స్టీలు గ్లాసులో పోసి పిల్ల చేతికిచ్చింది. శివజ్యోతి గ్లాసును పెదవుల దాకా తెచ్చి, అవ్వ ముఖం చూసి, దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అవ్వవైపు చూసింది. చిన్నప్పుడు గ్లాసుకు మూతి పెడితే వీపు మీద ఒకటి పడేదేమో!

విశ్వాసమ్మకు అప్పుడు అర్థమైంది.

"పెద్దమ్మా, నేనెంత చెప్పినా పాప తాగదు. నీకు భయపడతాండాది. నువ్వు మూతి పెట్టి తాగి చూపియ్యి."

"నేనా!" సోమక్క ఇంతెత్తున లేచింది. "ఈ వయసులో నాతో ఎంగిలి తాగిపిస్తావా?"

"లేకుంటే ఆ గొట్టం మళ్ళీ ఏస్తారు. నీ ఇష్టం."

సోమక్క గొట్టం వేలాడే స్టాండు వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. కొంగు నడుముకు దోపి, గ్లాసు లాక్కుని, కళ్ళు మూసుకుని అంచుకు మూతి పెట్టింది. డెబ్బై దాటిన మనిషికి అలవాటు లేని పనాయె, జుర్రుమని పెద్ద చప్పుడైంది. పై పెదవి మీద జావ మీసంలా అంటుకుంది. "అబ్బ, శానా బాగుండాది," అంది ఆశ్చర్యంగా.

శివజ్యోతికి నవ్వాగలేదు. బిగించిన పళ్ళ వెనక నుంచి, ముక్కుతో నవ్వింది. నొప్పికి చెంప పట్టుకుని కూడా నవ్వుతూనే గ్లాసు అందుకుంది. అవ్వ మూతి పెట్టిన చోటు పక్కనే పెదవులు ఆనించింది. కాస్త కారింది. తుడుచుకుంది. గుటక పడింది. విశ్వాసమ్మ తన గుటక తాను మింగడం కూడా మరిచి చూసింది. గ్లాసు ఖాళీ అయింది, వెనకే సిరపూ లోపలికి పోయింది.

సాయంత్రం డాక్టరు చూసి పంపించేశాడు. మందుల సంచి చంకన పెట్టుకుని సోమక్క గుమ్మం దగ్గర ఆగింది.

"పోయొస్తాం విశ్వాసమ్మా. ఆ జావ యెట్ల కాస్తాండావో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

చెప్పింది. ఆటో ఎక్కించి, చెయ్యి ఊపి, వార్డుకు తిరిగొచ్చింది. దుప్పటి మార్చింది, జల్లెడా గిన్నే కడిగింది. కిటికీ దగ్గరి గ్లాసు మీదికి మాత్రం ఆమె చెయ్యి పోలేదు. దాని అంచు మీద పక్కపక్కనే రెండు మూతుల గుర్తులు, రాగి రంగులో, ఎండిపోయి ఉన్నాయి.